చుట్టకుదురు మీద కూర్చున్న సంచి

కింద పెడితే నిలబడకుండా ఒరిగిపోయే సంచిని ఎవరైనా కావాలని కుడతారా, చెప్పండి? కుట్టారు. ఆ సంచిని తరాల తరబడి విదేశాల్లో గొప్పింటి ఆడవాళ్ళు మోజుపడి కొనుక్కుంటూనే ఉన్నారు. దానికి కొత్త రూపం ఇచ్చే పని ఒకసారి తిరిగి తిరిగి మా నరసాపురం పక్కకి, మా చేతుల్లోకి వచ్చింది. మేం దాన్ని భక్తిశ్రద్ధలతో పాడుచేశాం. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటి పిల్లలకి నా సర్వీసు మొత్తంలో చెప్పదగ్గ కథ ఏదైనా ఉందంటే ఇదే. నేను రిటైరైనదాన్ని, నాకు తొందరేం లేదు. మీకుంటే కాఫీ తాగొచ్చి చదవండి.

మా వైపు లేసు ఎలా తయారవుతుందో ముందు రెండు ముక్కలు చెప్పాలి. పల్లెల్లో ఆడవాళ్ళు వంటా వార్పూ అయ్యాక అరుగు మీద కూర్చుని, కొన కొక్కెంలా ఉండే చిన్న సూదితో తెల్లదారం పువ్వులు అల్లుతారు. ఒకావిడ పువ్వులే అల్లుతుంది, ఇంకొకావిడ ఆకులే అల్లుతుంది. అవన్నీ కంపెనీకి చేరాక అతికేవాళ్ళు అతుకుతారు, ఉతికేవాళ్ళు ఉతుకుతారు, గంజి పెట్టి ఇస్త్రీ చేసి పెట్టెలకెక్కిస్తారు. ఎక్కువగా బల్ల మీద పరిచే గుడ్డలు, దిండు గలీబులు. ఏ కొత్త రకమైనా ముందు ఒక్కటి చేసి, కొనేవాళ్ళకి చూపించి ఒప్పించాలి. ఆ ఒక్కటీ చేసే చోటు శాంపిల్ గది. ఆ గదికి నేను పెద్దని. షెడ్డు చివర ఒక పొడుగు బల్ల, రెండు కిటికీలు, ఒక ఫ్యాను. ఫ్యాను వేస్తే పువ్వులు ఎగిరిపోతాయని ఎండాకాలంలో కూడా వేసేవాళ్ళం కాదు. విసనకర్రలే మాకు గతి.

నాకు పనిలో మంచి పేరే ఉండేది. మతిమరుపులో అంతకన్నా మంచి పేరుండేది. టిఫిన్ క్యారేజీ పాలకొల్లు బస్సులో, కళ్ళజోడు కూరగాయల కొట్లో, గొడుగైతే ఎక్కడ పడితే అక్కడ. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూడగానే నమస్కారం బదులు "గొడుగేదండి?" అని అడిగేవాడు.

గదిలో అసలు చెప్పుకోవలసిన మనిషి మా అతుకులక్క. నాకన్నా వయసులో పెద్దది. పదిమంది అల్లిన పువ్వుల్ని ఒక్క చెయ్యి అల్లినట్టు అతకడం ఆవిడ విద్య. ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు. ఆ తేడా ఎక్కడా కనపడకుండా సర్దేది. నోరు మాత్రం సర్దేది కాదు. "ఈ పువ్వు ఎవరల్లారమ్మాయ్? మొగుడి మీద కోపమంతా దీని మీద చూపించేసినట్టుంది, రాయిలా ఉంది" అనేది. మా వైపు వెటకారం సంగతి మీకు తెలిసిందే కదా, ఆవిడ దగ్గర అది కాస్త ఎక్కువ పాళ్ళలో ఉండేది.

ఒక వర్షాకాలం ఉదయం మా మేనేజరు గారు హడావిడిగా గదిలోకి వచ్చారు. ఆయనది భీమవరం దగ్గర పల్లె, చేపల చెరువులున్న కుటుంబం. చెరువుల్లో దిగకుండా లేసులో దిగినందుకు ఇంట్లో ఇప్పటికీ తిడతారట. మర్యాదస్తుడు, కానీ ఉత్త కంగారు మనిషి.

"ఏవండీ, రేపు ఫారిన్ నుంచి పెద్ద కంపెనీ డిజైనరమ్మ వస్తున్నారండి. బల్ల గుడ్డ కాదండి ఈసారి. హ్యాండ్‌బ్యాగంటండి."

"లేసుతో హ్యాండ్‌బ్యాగేంటండి? చిల్లరేస్తే రాలిపోదూ?" అంది అక్క.

మర్నాడు డిజైనరమ్మ వచ్చింది. తెల్లజుట్టు, నూలు చొక్కా, మెళ్ళో చెవుల్లో ఏమీ లేవు. ఆవిడ చెప్పేది మేనేజరు గారు మాకు తెలుగులో చెప్పేవారు, మేం అనేది ఆవిడకి ఇంగ్లీషులో చెప్పేవారు. ఆవిడ పెట్టె తెరిచి, మెత్తటి గుడ్డలో చుట్టిన సంచిని ఉయ్యాల్లోంచి పసిబిడ్డని తీసినట్టు రెండు చేతులతో తీసింది. నల్లతోలు సంచి. వాళ్ళ కంపెనీ మొదట్లో కుట్టిన వాటిలో మిగిలినదట. ఎంతోమంది చేతులు తగిలి తోలు నిగనిగలాడుతోంది.

నేను జన్మలో చాలా సంచులు చూశాను. ఇలాంటిది చూడలేదు. మెరుపుల్లేవు, మీద పేరు లేదు. పైన మూత తన బరువుకి తనే వాలి మూసుకుంటుంది, బొత్తాం లేదు. అడుగు కుండలా గుండ్రంగా ఉంది, ఎక్కడా ముడత లేదు. మూత ఎత్తి లోపలికి చూశాను. లోపలి కుట్టు బయటి కుట్టుకన్నా ముద్దుగా ఉంది. ఎవరూ చూడని చోట అంత శ్రద్ధ పెట్టిన చెయ్యి ఎవరిదోగానీ, ఆ చేతికి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. డిజైనరమ్మ చూసి నవ్వింది.

తర్వాత ఆ సంచి ఫోటోలు బల్ల మీద వరసగా పరిచింది. మొదటిది మోచేతికి తగిలించుకునేది, పిడి చిన్నది. తోలు దొరకని గడ్డు రోజులొచ్చినప్పుడు దాన్నే మందపాటి గుడ్డతో కుట్టారట. జనం గుడ్డదాన్ని ఇంకా ఎక్కువ ఇష్టపడ్డారట. ఆడవాళ్ళు ఉద్యోగాలకి పరిగెత్తడం మొదలయ్యాక పిడి పొడుగై భుజానికెక్కింది. ఆ తర్వాత ఎవరో బంగారు రంగు గొలుసు తగిలించారు. అది చూసి తల్లులు ముక్కు మీద వేలేసుకున్నారు, కూతుళ్ళు కొట్టు ముందు బారులు తీరారు. మధ్యలో ఒకసారి ప్లాస్టిక్‌లా తళతళలాడేది చేసి నవ్వులపాలయ్యారట. ఆ ఫోటో కూడా దాచకుండా మిగతా వాటి పక్కనే పెట్టింది. ఆవిడ మీద నాకు గౌరవం పుట్టింది అక్కడే.

"ఎప్పుడు మార్చినా ఒక్కటే మార్చారంటండి. ఈసారి మారేది తోలంటండి. మొత్తం తెల్ల లేసుతో రావాలంటండి. అడుగు మాత్రం ఎవరూ, ఎప్పుడూ ముట్టుకోలేదంటండి. మనమూ ముట్టుకోకూడదంటున్నారు" అని చెప్పారు మేనేజరు గారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాం అందరం. ఎందుకు ముట్టుకోకూడదని ఎవరూ అడగలేదు. మా వైపు మర్యాద ఎక్కువ కదండీ, అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకుంటాం. ఊరుకుని మాకు తోచింది చేస్తాం.

సంచి ఒళ్ళు తయారవడానికి పెద్ద ఇబ్బంది కాలేదు. లావు దారం తీసుకున్నాం, రెండు పొరలు అల్లాం, లోపల నూలుగుడ్డ కుట్టాం. చిల్లరా రాలలేదు, తాళంచెవులూ రాలలేదు. చావొచ్చింది పిడితో. లేసు పిడికి బరువు తగిలితే సాగుతుంది. మొదటి శాంపిల్‌లో డిజైనరమ్మ రెండు పుస్తకాలేసి తగిలించి చూస్తే, సాయంత్రానికి మోకాలి దాకా వచ్చిందట. తిరగ్గొట్టింది. రెండోదానికి తోలు పిడి పెట్టి చూశాం, పట్టుచీర మీద రెయిన్‌కోటు తొడిగినట్టుంది. తీసి గొలుసు పెడితే అది లేసుని కోసేసింది. అదీ తిరిగొచ్చింది. ఇంక మూడోదే ఆఖరిదని, దాన్ని తనే వచ్చి చూస్తానని కబురు పెట్టింది.

ఆ కబురు వెనకే ఇంకొకటి వచ్చింది. మిషను లేసు వచ్చాక మాకు ఆర్డర్లు తగ్గిపోయాయి. ఈ సంచి కూడా ఒప్పుకోకపోతే శాంపిల్ గది ఎత్తేస్తామని యజమానులు మేనేజరు గారికి చెప్పేశారు. శాంపిళ్ళు బయట ఎక్కడో చేయించుకుంటారట, మేం ఇళ్ళకెళ్ళి అందరిలాగే పువ్వులు అల్లుకోవచ్చట. ఆ మాట మాకు చెప్పలేక ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఇంట్లో కూర్చుని అల్లడానికి నాకేం నామోషీ కాదమ్మాయ్" అంది అక్క ఆయన వెళ్ళాక. "అక్కడ నేను ఒకడికి అమ్మమ్మని, ఒకదానికి అత్తగారిని. ఈ గదిలోనే కదే నేను అతుకులక్కని." ఆ తర్వాత సాయంత్రం దాకా ఆవిడ ఎవర్నీ వెటకారం చెయ్యలేదు. నాకు భయమేసింది.

మూడోదానికి పిడిని మూడు పాయల జడలా అల్లాం. సాగడం తగ్గింది, పూర్తిగా ఆగలేదు. డిజైనరమ్మ మధ్యాహ్నం వస్తుందనగా ఆ పొద్దున్న సంచిని గంజి పెట్టి, ఆరబెట్టి, బల్ల మధ్యలో పెట్టాం. ముందు రెండూ ఆరగానే పెట్టెకెక్కించి పంపేశాం, నిలబెట్టి చూసిందే లేదు. ఒరిగి పడిపోయింది. లేపి పెట్టాం. మళ్ళీ పడింది. అప్పుడే మేనేజరు గారు లోపలికి వచ్చారు.

"అయ్యబాబోయ్, పడిపోయిందేంటండి?"

"అడుగు గుండ్రంగా ఉంటే పడక ఏం చేస్తుందండి?" అన్నాను.

"ఆవిడ గుమ్మంలోకి రాగానే కనపడేది ఇదేనండి. చూడండి ఎలా ఉందో, తాగొచ్చి పడుకున్నట్టుంది. ఏదో ఒకటి చెయ్యండి, మీకు పుణ్యం ఉంటుంది."

"అడుగు మార్చొద్దన్నారు కదండి."

అక్క లేచింది. "అడుగెవరు మారుస్తారమ్మాయ్? కుండ అడుగూ గుండ్రమే. నిలబడటం లేదని కుండని కోస్తామా? చుట్టకుదురు పెడతాం. దీనికీ పెడదాం."

ఫ్రిజ్ నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకి చుట్టకుదురంటే తెలియకపోవచ్చు. నీళ్ళకుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట. గడ్డితోనో, పాతగుడ్డతోనో, కొబ్బరితాడుతోనో గుండ్రంగా చుడతారు. మా వైపు ఏ ఇంట్లో చూసినా గుండ్రటి అడుగున్న వస్తువుని ఉత్త నేల మీద వదిలెయ్యరు. వదిలేస్తే చూసినవాళ్ళు ఆ ఇంటి ఇల్లాలిని అంటారు.

అక్క పార్శిళ్ళు కట్టే కొబ్బరితాడు ముక్క తీసుకుని చుట్టలా మెలిపెట్టింది. దాని మీద తెల్లదారం దగ్గరదగ్గరగా చుట్టి, చుట్టూ చిన్నచిన్న పువ్వులు అల్లింది. జారిపోకుండా సంచి అడుక్కి గట్టి కుట్లేసి బిగించింది. బల్ల మీద పెడితే పెళ్ళిపీటల మీద పెళ్ళికూతురిలా కూర్చుంది సంచి. మేనేజరు గారు చేతులు జోడించారు. నాకూ ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

డిజైనరమ్మ వచ్చింది. నవ్వుతూ గుమ్మం దాటింది, సంచిని చూసింది, ఆ నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి సంచిని తిరగేసి, చుట్టకుదురుని వేలితో తడిమి ఇదేంటని అడిగింది.

"పడిపోతుంటే చూడలేక కూర్చోబెట్టానని చెప్పండి" అంది అక్క, గర్వంగానే. మేనేజరు గారు ఇంకా గర్వంగా చెప్పారు.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కోప్పడలేదు. నెమ్మదిగా ఒక కథ చెప్పింది. మేనేజరు గారు ఒక్కో ముక్కే తెలుగు చేస్తూ పోయారు, పోనుపోను ఆయన గొంతు తగ్గిపోయింది.

మొదట ఆ సంచి కుట్టినాయన సంచుల వ్యాపారి కాదట. సంగీత వాయిద్యాలకి తోలు పెట్టెలు కుట్టేవాడట, అందుకే గుండ్రటి అడుగు తిప్పడం ఆయన చేతికి అలవాటు. ఆయన చెల్లెలు ఊరూరా తిరిగి పిల్లలకి సంగీతం చెప్పేది. ఎక్కిన రైల్లోనల్లా సంచి పక్కన పెట్టేది, మర్చిపోయి దిగిపోయేది. అన్నగారు చెప్పి చూశాడు, తిట్టి చూశాడు. ఆఖరికి కింద పెడితే నిలవని సంచి కుట్టిచ్చాడు. ఎక్కడ పెట్టినా ఒరుగుతుంది, ఒరిగితే చూపు దాని మీద పడుతుంది, తీసి ఒళ్ళో పెట్టుకోక తప్పదు. ఆ తర్వాత ఆవిడ ఆ సంచిని ఎక్కడా మర్చిపోలేదట.

"పిడి మారింది, తోలు మారింది, రంగు మారింది. ఈ గుణం ఒక్కటీ ఉంచుకున్నాం. మీరు దీన్ని కూర్చోబెట్టేశారు, అంటున్నారండి" అన్నారు మేనేజరు గారు.

ఊరు తెలియదు, పేరు తెలియదు, ఆ అన్నగారి మీద నాకు ఎక్కడలేని అభిమానం కలిగింది. ప్రపంచంలో ఇన్ని గొడుగులు పోగొట్టుకున్న నాకు అలాంటి అన్న ఒకడు లేకపోయాడే అనిపించింది.

"అయ్యో రాత! ఆ ముక్క మొదటే చెప్తే సరిపోయేది కదండి. తీసేస్తానుండండి" అని అక్క కత్తెర అందుకుంది. డిజైనరమ్మ మాత్రం జడ పిడిని పట్టుకుని రెండుసార్లు లాగి చూసి, అది సాగుతుండటం గమనించి, ఇంకేం చూడకుండా తన ఫోటోలు సర్దుకోవడం మొదలుపెట్టింది. మా పని అయిపోయిందని అందరికీ తెలిసిపోయింది. మేనేజరు గారు వచ్చినావిడని ఉత్త చేతులతో పంపలేక కొబ్బరిబొండాల కోసం బయటికెళ్ళారు.

అక్క వెలుతురు కోసం కిటికీ దగ్గరికి జరిగింది. ఆవిడ కుట్లు మామూలు కుట్లా, లాగి పట్టుకుంటే తప్ప కత్తెర మొన దూరదు. ఒక పక్క కుట్లు ఎలాగో ఊడదీసి, మిగతావి లాగి పట్టడానికి చుట్టకుదురుని గాజు తొడుక్కున్నట్టు ఎడం చేతి మణికట్టుకి ఎక్కించుకుని, చెయ్యి పైకెత్తి, కుట్లు ఒక్కొక్కటే కత్తిరిస్తోంది. రెండో పక్క కుట్ల మీద సంచి తలకిందులుగా ఆవిడ చేతికి వేలాడుతోంది. సెలవు తీసుకోవడానికి లేచిన డిజైనరమ్మ గుమ్మం దాకా వెళ్ళి, మర్యాదకి ఒకసారి వెనక్కి తిరిగింది.

"స్టాప్!" అని కేకేసింది.

ఆ ఇంగ్లీషు మాకు అర్థమైంది. అక్క అదిరిపడి, "అయ్యబాబోయ్, సంచి తెగిందా ఏంటి?" అంది.

డిజైనరమ్మ గబగబా వచ్చి అక్క మణికట్టు పట్టుకుంది. చేతిని అటు తిప్పింది, ఇటు తిప్పింది. సంచి పట్టుకుని కిందికి లాగింది. చుట్టకుదురు సాగలేదు. లోపలున్నది కొబ్బరితాడు, పడవల్ని కట్టేసే జాతి, అదెందుకు సాగుతుంది? మిగిలిన కుట్లు తనే తెంపింది. జడ పిడిని కూడా కత్తిరించి పారేసింది. సంచిని తిన్నగా తిప్పి, చుట్టని పైన మూతి దగ్గర ఆనించి పట్టుకుని, ఇక్కడ కుట్టమని సైగ చేసింది. అక్క నిలబడే కుట్టింది.

డిజైనరమ్మ పుస్తకం, కళ్ళజోడు పెట్టె, మా బల్ల మీది ఇత్తడి తూకంరాయి, అన్నీ సంచిలో వేసింది. చుట్టని చేతికి తొడుక్కుని గదంతా తిరిగింది. చుట్ట చుట్టలాగే ఉంది. అప్పుడు సంచిని ఖాళీ చేసి బల్ల మీద పెట్టి చెయ్యి తీసేసింది. సంచి మెల్లిగా ఒరిగి పడిపోయింది. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

సరిగ్గా అప్పుడే మేనేజరు గారు బొండాలతో గుమ్మంలోకి వచ్చారు. బల్ల మీద చూపు పడగానే ఆయన మొహం పాలిపోయింది. "మళ్ళీ పడిపోయిందేంటండి!"

ఆ రోజు మేం నవ్విన నవ్వు అలా ఇలా కాదు. అక్క నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆర్డరు వచ్చింది, గది నిలిచింది. ఎన్నో పల్లెల్లో ఆడవాళ్ళకి తాడు మీద దారం చుట్టడం అక్కే నేర్పింది. కొన్నాళ్ళకి మేనేజరు గారు ఫోనులో ఒక బొమ్మ చూపించారు. ఎవరో సన్నటి పిల్ల ఆ సంచి చేతికి తొడుక్కుని నిలబడింది. దానికి నోరు తిరగని పేరేదో పెట్టారు, చుట్టకుదురు ఊసే లేదు. నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. "పోనీలెద్దూ. పేరు వాళ్ళిష్టం, తాడు మనదే కదా" అంది అక్క.

నేను మాత్రం డిజైనరమ్మని ఇప్పటికీ మెచ్చుకుంటాను. తప్పు చూసి కోప్పడే పెద్దవాళ్ళ దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాను. కాళ్ళు గుమ్మం దాటుతుండగా కూడా కళ్ళు ఇంకా పనిచేసే మనిషిని ఆవిడనొక్కర్తినే చూశాను. మీకు అలాంటి పైవాళ్ళు దొరికితే వదులుకోకండి.

నేను రిటైరైన రోజు శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు. గడియారం ఆటోలో మర్చిపోయాను, అది వేరే సంగతి. అందరూ వెళ్ళాక అక్క బీరువాలోంచి ఆ మూడో శాంపిల్ తీసింది. డిజైనరమ్మ అనుమతి తీసుకుని నాకోసం దాచిందట. అడుగున ఆ పాత కుట్లు తెంపిన గుర్తులు ఇంకా కనపడుతున్నాయి. తనే నా చేతికి తొడిగింది.

"ఆ కథ విన్నప్పుడే అనుకున్నాను, ఆ చెల్లెలివి నువ్వేనని" అంది. కావిలించుకుని ఏడ్చేశాను.

మొన్న రాజమండ్రిలో మా మేనకోడలింటికి బస్సులో బయల్దేరాను. మంచినీళ్ళు తాగుదామని సంచిని పక్క సీట్లో పెట్టాను. ఒరిగి పడిపోయింది. వెనక సీటావిడ, "సంచి పడిపోయిందండి" అంది. "దాని పనే అదండి" అని తీసి చేతికి తొడుక్కున్నాను. బస్టాండు కాంప్లెక్సులో దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. గొడుగు విప్పుదామని చూస్తే గొడుగు లేదు. బస్సు అప్పటికే మలుపు తిరిగిపోయింది. తడుస్తూనే అక్కకి ఫోను చేశాను.

"అక్కా, గొడుగు పోయింది."

"సంచో?"

"చేతికే ఉంది."

"మరింకేం" అంది అక్క.